4,500 టన్నుల ఓడలో 12 ఫిరంగులు పడతాయా? ఊహా నౌకాదళానికి లైట్ క్రూజర్ గీసే ముందు చూసుకోవాల్సినవి

అమలాపురం తమ్ముడు అడిగింది ఇదీ. గోదావరి డెల్టా ఒక స్వతంత్ర రాజ్యమై ఉంటే, 1930లలో దానికి సొంత నౌకాదళం ఉండి ఉంటే ఎలా ఉండేదో ఊహించి నవల రాస్తున్నారట. అందులో నాలుగు లైట్ క్రూజర్లు (6 అంగుళాల ఫిరంగులతో తిరిగే మధ్యరకం యుద్ధనౌకలు): గౌతమి, వశిష్ఠ, వైనతేయ, కౌశిక. ఒక్కోటీ 4,500 టన్నులు. 6 అంగుళాల ఫిరంగులు 12, వేగం 38 నాట్లు (గంటకు 38 నాటికల్ మైళ్లు), పక్కల 5 అంగుళాల ఉక్కు కవచం, ఒకసారి నూనె నింపితే 8,000 మైళ్లు, పైన రెండు విమానాలు. ఓడ బొమ్మ, మ్యాపు కూడా పంపారు. "ఇది నమ్మేట్టు ఉందా, ఇంకేమైనా చేర్చాలా" అని ప్రశ్న.

పేర్లు చాలా బాగున్నాయి, వాటిని మార్చకండి. చేర్చడం మాట పక్కన పెట్టి ముందు తీసేయడం మొదలుపెట్టాలి. నేను విశాఖలో ఓడల డ్రాయింగ్ ఆఫీసులో 31 ఏళ్లు చేశాను. అందులో సగం కాలం నా బల్ల మీద ఉన్నది బరువుల పుస్తకం. ఓడలోకి వెళ్లే ప్రతి రేకు, ప్రతి పంపు, ప్రతి గొట్టం ఎంత బరువు, కీలు (ఓడ అడుగున ఉండే వెన్నుదూలం) నుంచి ఎంత ఎత్తులో ఉంది, మధ్యగీతకు ఎటు పక్క ఉంది అని రాసే పుస్తకం అది. యుద్ధనౌక అంటే అందరికీ ఫిరంగులు కనబడతాయి, నాకు ఆ పుస్తకం కనబడుతుంది. మీ ఓడను దాంట్లోకి ఎక్కించి చూశాను.

ముందు నిజంగా కట్టిన ఓడలతో పోల్చుకుందాం. బ్రిటిష్ వాళ్ల అరెథూసా తరగతి 5,220 టన్నులు, దాని మీద 6 అంగుళాల ఫిరంగులు ఆరే. ఏడు వేల టన్నుల లియాండర్ తరగతి మీద ఎనిమిది. పన్నెండు పెట్టడానికి సౌతాంప్టన్ తరగతిలో తొమ్మిది వేల టన్నులు దాటారు. యుద్ధనౌకలకు హద్దులు పెట్టిన 1936 లండన్ ఒప్పందం లైట్ క్రూజర్‌ను 8,000 టన్నులకు కట్టేశాక ఫిజీ తరగతిలో ఆ పన్నెండునూ ఎనిమిది వేల చిల్లరలో ఇరికించారు. ఫలితంగా ఓడలో ఊపిరాడనంత ఇరుకు. యుద్ధం నడుస్తుండగానే ఆ తరగతిలో చాలా ఓడల మీద ఒక టరెట్ (ఫిరంగులు బిగించి తిరిగే ఉక్కు గది) పీకేసి, విమానాలను కొట్టే చిన్న ఫిరంగులకు చోటు చేయాల్సొచ్చింది. ఆ తరగతి ఓడే నైజీరియా. 1957లో అది మన ఐ.ఎన్.ఎస్. మైసూర్ అయ్యేనాటికి దాని మీద ఉన్నవి తొమ్మిదే. అంతకు ముందు 1948లో మనం కొన్న ఐ.ఎన్.ఎస్. ఢిల్లీ లియాండర్ తరగతిది, అప్పటి పేరు అకిలీస్. మీరు తెలుగువాళ్ల కోసం రాస్తున్నారు గనక ఈ రెండు ఓడలనూ కొలబద్దగా పెట్టుకోండి. రెంటికీ ఫోటోలు, డ్రాయింగులు దొరుకుతాయి.

ఇంతకీ "4,500 టన్నులు" అంటే ఏ టన్నులు? 1922 వాషింగ్టన్ ఒప్పందం చెప్పిన స్టాండర్డ్ డిస్‌ప్లేస్‌మెంట్ అంటే మనుషులు, గుండ్లు, తిండీ అన్నీ ఎక్కి, నూనె, బాయిలర్ల రిజర్వు నీళ్లు మాత్రం ఎక్కని బరువు. పోరుకు బయల్దేరే ఓడ దానికంటే బాగా బరువుంటుంది. వేగం లెక్క స్టాండర్డ్ మీద వేసేసి మురిసిపోవడం ఈ విషయంలో కొత్తవాళ్లు చేసే మొదటి తప్పు.

వేగానికి ఒక పాత సూత్రం ఉంది, క్యాలిక్యులేటర్ చాలు. ఓడ బరువుకు ఘనమూలం తీసి దాన్ని వర్గం చేయండి. వేగాన్ని ఘనం చేయండి. రెంటినీ గుణించి ఆ రకం ఓడకు తగిన అంకెతో భాగిస్తే కావలసిన హార్స్‌పవర్ వస్తుంది. అకిలీస్ 72,000 హార్స్‌పవర్‌తో 32.5 నాట్లు వెళ్లేది. దాన్నుంచి వెనక్కి లెక్కేస్తే ఆ అంకె దాదాపు 200. మీ ఓడ సగం నూనెతో 5,000 టన్నులు అనుకుంటే 38 నాట్లకు 80,000 హార్స్‌పవర్ కావాలి. ఆ కాలపు యంత్రాలు టన్నుకు 48 హార్స్‌పవర్ చొప్పున ఇస్తాయనుకుంటే బాయిలర్లు, టర్బైన్లకే 1,650 టన్నులు పోయాయి. నాలుగు టరెట్లు, వాటి కింది బార్బెట్లు (టరెట్‌ను మోసే ఉక్కు గుండ్రాలు), గుండ్లు, పేలుడు మందు కలిపి వెయ్యి దాటుతుంది. ఓడ బాడీకి తక్కువలో తక్కువ రెండు వేలు. మొత్తం 4,650. అంటే కవచం ఒక్క అంగుళం కూడా వేయకముందే, ఒక్క మనిషి కూడా ఎక్కకముందే మీ 4,500 దాటిపోయింది.

అదే సూత్రంలో 6,000 టన్నుల ఓడ పెట్టండి. 36 నాట్లకు 77,000 హార్స్‌పవర్, 32కు 54,000, 28కి 36,000. చివరి నాలుగు నాట్ల ఖరీదు చూశారా! వేగాన్ని ప్రేమించి దెబ్బతిన్నవాళ్లు ఇటలీ వాళ్లు. వాళ్ల అల్బెరికో ద బార్బియానో ట్రయల్స్‌లో పూర్తి బరువు ఎక్కించకుండా పరిగెత్తి 42 నాట్లు కొట్టింది. పక్కల కవచం మాత్రం 24 మిల్లీమీటర్లే. దాని తోబుట్టువు బార్తొలొమియో కొల్లియోనిని 1940 జులై 19న క్రీట్ దగ్గర 32 నాట్ల చిల్లర వేగమున్న ఆస్ట్రేలియా క్రూజరు సిడ్నీ పట్టుకుని ఆపేస్తే, వెంట ఉన్న డిస్ట్రాయర్లు టార్పెడోలతో ముంచేశాయి. పేపరు మీద పది నాట్లు ఎక్కువున్న ఓడ తప్పించుకోలేకపోయింది.

ఇక అసలు ప్రశ్న. మీ రాజ్యానికి ఈ ఓడ ఎందుకు? మీ ప్రశ్నలో దీని ఊసే లేదు, నాకు మిగతా అన్నిటికంటే ముఖ్యం ఇదే. కాకినాడ నుంచి రంగూన్‌కు మన కూలీలు స్టీమర్లలో వెళ్లిన దారి ఒకటుంది. అటు నుంచి బియ్యం, నూనె వచ్చే దారీ అదే. బంగాళాఖాతంలో ఒంటరి క్రూజర్ ఏం చేయగలదో జర్మన్ క్రూజరు ఎండెన్ చూపించింది. 1914 సెప్టెంబర్ 22 రాత్రి మద్రాసు తీరానికి వచ్చి నూనె ట్యాంకులు తగలబెట్టి పోయింది. దాని మీద ఉన్నవి పది 10.5 సెంటీమీటర్ల ఫిరంగులు మాత్రమే. కాపలా లేని వర్తక ఓడలను పట్టడానికి అవి చాలాయి. నవంబర్ 9న కోకోస్ దీవుల దగ్గర 6 అంగుళాల ఫిరంగులున్న సిడ్నీ (1940 నాటి సిడ్నీకి పెద్దక్క లాంటిది, అదే పేరు) ఎదురుపడేసరికి దాని కథ ముగిసింది. ఎండెన్ లాంటి వేటగాళ్లను ఆపాలంటే మీకు కావలసింది ఆ సిడ్నీ లాంటి ఓడ: వేటగాడి కంటే ఒక సైజు పెద్ద ఫిరంగులు, అలల్లో నిలకడగా ఉండే బాడీ, రోజుల తరబడి కాన్వాయ్ (గుంపుగా వెళ్లే వర్తక ఓడలు) వెంట నడిచే ఓపిక. 38 నాట్లు ఎక్కడా అక్కర్లేదు.

8,000 మైళ్లూ అక్కర్లేదు. కాకినాడ నుంచి పోర్ట్ బ్లెయిర్ 700 నాటికల్ మైళ్ల దరిదాపు, రంగూన్ నది మొగ 800, ట్రింకోమలీ 500 పైచిలుకు. రానూపోనూ, మధ్యలో వెతుకులాట, పోరు కలుపుకున్నా 4,500 మైళ్లు చాలు. మిగిలిన నూనె ట్యాంకుల చోటు మీకు లాభం.

నేనైతే ఇలా గీస్తాను. స్టాండర్డ్ 5,400 టన్నులు. బాడీకి 2,350, యంత్రాలకు 1,150, ఆయుధాలకు 700, కవచానికి 600, మనుషులు, సరుకులు, పడవలు, లంగర్లకు 450. మిగిలిన 150 టన్నులు ఎవరికీ ఇవ్వకండి. ఓడ కట్టేటప్పుడు బరువు పెరగడం ఖాయం. ఆ 150 లేని డిజైన్‌ను మా ఆఫీసులో ఎవరూ సంతకం పెట్టేవారు కాదు. దీంతో జంట టరెట్లు మూడు, ఆరు ఫిరంగులు, 32 నాట్లు వస్తాయి. పన్నెండు నుంచి ఆరుకు దిగడం మీకు బాధగానే ఉంటుంది. కానీ జపాన్ వాళ్ల యూబారి సంగతి చూడండి. వాళ్ల 5,500 టన్నుల క్రూజర్ల మీద ఫిరంగులు ఏడు, ఒక పక్కకు పేలేవి ఆరే. 1923లో పూర్తయిన యూబారిని హిరగ యుజురు వాటికంటే చాలా చిన్న బాడీతో గీసి, ఆరు ఫిరంగులనూ మధ్యగీత మీద పెట్టి, ఆరూ ఏ పక్కకైనా పేలేట్టు చేశాడు. లెక్కపెట్టాల్సింది ఎన్ని ఉన్నాయని కాదు, శత్రువు వైపు ఎన్ని తిరుగుతాయని.

అదే జపాన్ వాళ్లు ఇంకా ఎక్కువ ఆశపడి ఏం తెచ్చుకున్నారో కూడా మీ నవలకు పనికొస్తుంది. 1934 మార్చి 12న తొమొజురు అనే చిన్న టార్పెడో పడవ తుఫాను గాలిలో బోర్లా పడింది, దాదాపు వందమంది పోయారు. కారణం, ఆ చిన్న ఒంటి మీద పైన మోయలేనంత ఆయుధం. 15 ఫిరంగులతో 8,500 టన్నులని ప్రకటించిన క్రూజరు మొగామి ట్రయల్స్‌లో వెల్డింగులు చిట్లి, బాడీ వంకరై, టరెట్లు తిరగక ఇబ్బంది పెట్టింది. బాడీ మళ్లీ గట్టిచేసి, పక్కల ఉబ్బులు కట్టి నిలబెట్టారు. ప్రకటించిన బరువు ఒకటి, తేలిన బరువు మరొకటి.

పైబరువు అంటే ఏమిటో మాటల్లో చెబితే ఒంటికి పట్టదు. తాళ్ళరేవులో నేను చూసింది చెబుతాను. రిటైరయ్యాక ఇక్కడే ఉంటున్నాను, చెక్క పడవలు కట్టే మేస్త్రీలు అప్పుడప్పుడు పిలుస్తారు. ఒక 60 టన్నుల పడవకు తూగు పరీక్ష చేశాం. పడవలో లోపల 2 మీటర్ల తాడుకు తాపీమేస్త్రీల గుండు వేలాడదీసి, అది ఊగకుండా కింద నూనె బకెట్లో ముంచి, తాడు పక్కన అడ్డంగా ఒక స్కేలు కొట్టాం. 50 కిలోల ఇసుక బస్తాలు ఇరవై, అంటే ఒక టన్ను, ఎడమ పక్క నుంచి కుడి పక్కకు 4 మీటర్లు జరిపించాం. తాడు స్కేలు మీద 19 సెంటీమీటర్లు జరిగింది. లెక్క కడితే మెటాసెంట్రిక్ ఎత్తు (నిలకడకు కొలత, ఎక్కువుంటే నిలకడ ఎక్కువ) 70 సెంటీమీటర్లు. మంచి పడవ. ఆర్నెల్లకు ఓనరు గారు పైన రేకుల కప్పు, దాని మీద నీళ్ల ట్యాంకు, ఐసు పెట్టెలు పెట్టించారు. కలిపి రెండే టన్నులు. మళ్లీ అవే బస్తాలు, అదే 4 మీటర్లు. ఈసారి తాడు 23 సెంటీమీటర్ల దగ్గర ఆగింది. మెటాసెంట్రిక్ ఎత్తు 56కి పడిపోయింది. ఓనరు గారు ఆ స్కేలు వంక చూసి, ఇంకేమీ అడగకుండా ట్యాంకు కిందికి దించమన్నారు. మొత్తం బరువులో ముప్పయ్యో వంతు పైకెక్కితే నిలకడలో ఇరవై శాతం పోయింది తమ్ముడూ. మీ విమానాలు, వాటిని విసిరే కేటపుల్టు, క్రేను, హ్యాంగరు అన్నీ ఆ ట్యాంకు ఉన్న చోటే ఉన్నాయి. ఒక విమానం ఉంచుకోండి, 1942లో దాన్ని కూడా దించేయండి.

1942 ఎందుకంటే, ఆ ఏడాది మన తీరం మీద నిజంగా జరిగిందే మీ నవలకు వెన్నెముక కావాలి. ఏప్రిల్ 5న సిలోన్‌కు నైరుతిన డోర్సెట్‌షైర్, కార్న్‌వాల్ అనే రెండు పెద్ద క్రూజర్లను జపాన్ డైవ్ బాంబర్లు నిమిషాల్లో ముంచాయి. మర్నాడు జపాన్ అడ్మిరల్ ఒజావా దళం బంగాళాఖాతంలో వర్తక ఓడల మీద పడింది. దాంట్లోని విమానవాహక నౌక ర్యూజో విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. ఆ దళంలో ఒకప్పటి లైట్ క్రూజరు మొగామి ఉంది, అప్పటికి 8 అంగుళాల ఫిరంగులు ఎక్కించుకుని. యూరా అనే అసలు లైట్ క్రూజరూ ఉంది. మా అమ్మమ్మ చెప్పేది, ఆ రోజు తర్వాత కాకినాడలో వీధులకు వీధులే ఖాళీ అయ్యాయని, వీళ్లు బండి కట్టుకుని రాత్రికి రాత్రి పిఠాపురం వైపు వెళ్లారని. అలాంటి ఆకాశం కింద నిలవాలంటే మీ గౌతమి మీద 4 అంగుళాల జంట ఫిరంగులు, డెక్ మీద ఖాళీ జాగా, ఆ 150 టన్నుల మిగులు కావాలి. 1939లో పూర్తయిన ఓడలో ఆ జాగా వదిలిన డిజైనరు ముందుచూపున్నవాడు. నవలలో అతనొక పాత్ర కావచ్చు.

యంత్రాల అమరిక మీద ఒక రోజు గడపండి, కథకు అంత విలువైనది ఇంకోటి లేదు. అకిలీస్ ఫోటో చూస్తే పొగగొట్టం ఒకటే. బాయిలరు గదులన్నీ ముందు, ఇంజను గదులు వాటి వెనక. తేలిక, పొట్టి. కానీ బాయిలరు గదుల దగ్గర ఒక్క టార్పెడో తగిలితే ఆవిరి మొత్తం పోయి ఓడ నిలబడిపోవచ్చు. తర్వాత కట్టిన సిడ్నీ, పెర్త్, హోబర్ట్‌లకు పొగగొట్టాలు రెండు. బాయిలర్లు, ఇంజను, మళ్లీ బాయిలర్లు, ఇంజను. ఒక జత మునిగినా రెండోది ఓడను ఇంటికి చేరుస్తుంది. దీనికి బాడీ పొడవు పెరుగుతుంది, కవచం కప్పాల్సిన జాగా పెరుగుతుంది, బరువూ పెరుగుతుంది. మీ నాలుగు ఓడల్లో గౌతమి, వశిష్ఠలకు ఒక గొట్టం, తర్వాతి వైనతేయ, కౌశికలకు రెండు పెట్టండి. అప్పుడు ఒకే దెబ్బకు వశిష్ఠ ఎందుకు ఆగిపోయిందో, వైనతేయ ఎందుకు కుంటుతూ తిరిగొచ్చిందో మీరు కల్పించక్కర్లేదు. డ్రాయింగే చెబుతుంది.

డైరెక్టర్ టవరును మీ బొమ్మలో మరిచిపోయారు. ఫిరంగులన్నిటికీ కలిపి గురి చెప్పే గది అది, పైన ఎత్తులో ఉంటుంది. 1939 డిసెంబర్ 13న దక్షిణ అమెరికా దగ్గర రివర్ ప్లేట్ పోరులో జర్మన్ యుద్ధనౌక గ్రాఫ్ స్పీ గుండు అకిలీస్ పక్కన పేలి ఇనుప ముక్కలు ఆ టవరులోకి దూసుకొచ్చాయి. ఆ పోరులో అకిలీస్ మీద నలుగురు పోయారు, అయినా ఓడ పోరు వదల్లేదు. అంత ముఖ్యమైన గదికి బరువు, ఎత్తు రెండూ కేటాయించాలి. టార్పెడోలు ఒక్కో పక్క మూడు చాలు. మిడ్‌వే పోరులో మొగామి తోబుట్టువు మికుమా తన టార్పెడోలే పేలి పోయింది, మొగామి వాటిని సముద్రంలో పారేసి బతికింది.

ఇప్పుడు మన నేల, మన నీళ్లు. మీ మ్యాపులో క్రూజర్ల రేవు అంతర్వేది దగ్గర వశిష్ఠ మొగలో పెట్టారు. సెంటిమెంటు అర్థమైంది. కానీ ఈ ఓడకు ఐదున్నర, ఆరు మీటర్ల నీళ్లు కావాలి. నది మొగలో ఇసుక మేటలు ఏటా చోటు మారతాయి. పంటు నడిపే సరంగును అడగండి, నిరుడు నడిచిన దారి ఈ ఏడు నడవదంటాడు. కాకినాడే గతి. హోప్ ఐలాండ్ చాటున లంగరేసుకోవచ్చు, సరుకు, నూనె బార్జీల మీద రావాలి. దాన్ని నవలలో బలహీనతగా వాడుకోండి. నూనె బార్జీలు ఓడ పక్కన ఉన్న రాత్రే శత్రువు రావచ్చు. డ్రైడాకు మీ రాజ్యంలో లేదు, అడుగు గీకించుకోవాలన్నా పొరుగు దేశం రేవుకు పోవాల్సిందే. ఆరు నెలలు వెచ్చటి నీళ్లలో నిలబడ్డ ఓడకు నాచు, గుల్లలు పట్టి వేగం తగ్గుతుంది. 32 నాట్ల ఓడ 29కి దిగినట్టు రాస్తే తెలిసినవాడు తల ఊపుతాడు.

వరదల కాలంలో ఇంకోటి. ఎర్రనీళ్లు సముద్రంలోకి ఎంత దూరం పరుచుకుంటాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మంచినీళ్లు ఉప్పునీళ్ల కంటే తేలిక గనక అందులోకి వచ్చిన ఓడ ఇంకో పది సెంటీమీటర్ల దాకా దిగుతుంది. పైగా ఆ ఒండ్రు కండెన్సర్ల (ఆవిరిని మళ్లీ నీళ్లు చేసే యంత్రాల) గొట్టాల్లోకి పోయి వాటిని అరగదీస్తుంది. జులై, ఆగస్టుల్లో ఇంజనీరు ఓడను మొగల దగ్గరకు పోనివ్వనని కెప్టెన్‌తో గొడవ పడే సీను ఒకటి రాయండి, న్యాయం ఇంజనీరు వైపే ఉంటుంది. వెచ్చటి సముద్రపు నీటితో కండెన్సరులో వ్యాక్యూమ్ కూడా తగ్గుతుంది, ఉత్తర సముద్రంలో వచ్చిన హార్స్‌పవర్ ఇక్కడ రాదు. మందు గదులకు చల్లదనం కావాలి, ఆ యంత్రాల బరువూ పుస్తకంలో ఎక్కాలి.

నూనె బదులు ఎగువ నుంచి సింగరేణి బొగ్గు తెప్పించుకుంటామని ఒక చోట రాశారు. జపాన్ 5,500 టన్నుల ఓడల్లో కొన్ని బాయిలర్లు బొగ్గు, నూనె రెండూ కాల్చేవి, అది ఆదర్శంగా తీసుకోవచ్చు. బొగ్గుతోనే 32 నాట్లు మాత్రం అడక్కండి. పార పట్టే మనుషులు, వాళ్ల తిండి, వాళ్ల పడక కలిపి ఓడను మింగేస్తాయి. తిండి అంటే గుర్తొచ్చింది, 500 మంది మనవాళ్లకు తలా అర కిలో బియ్యం చొప్పున రోజుకు పావు టన్ను, నెలకు 7.5 టన్నులు. బియ్యం గది పొడిగా ఉండాలి, బాయిలరు గది గోడకు ఆనకూడదు. ఇలాంటి ఒక్క గది సరైన చోట గీస్తే పాఠకుడికి ఓడ మొత్తం మీద నమ్మకం కుదురుతుంది.

కవచం మాటకొస్తే 5 అంగుళాలు వదిలేయండి. 600 టన్నుల్లో యంత్రాల పక్క 2 నుంచి 3 అంగుళాలు, మందు గదుల చుట్టూ కాస్త ఎక్కువ, పైన డెక్‌కు ఒక అంగుళం. టరెట్లకు ముక్కలు ఆపేంత. 8 అంగుళాల గుండుకు ఇది నిలవదు, నిలవక్కర్లేదు కూడా. అలాంటి ఓడ కనబడితే పొగ వేసి కాన్వాయ్‌ను తప్పించడమే మీ కెప్టెన్ పని.

ఈసారి గీసేటప్పుడు ముందు బరువుల పట్టిక, తర్వాత యంత్రాల గదులు, ఆ పైన టరెట్లు, చివర్న బొమ్మ, ఈ వరసలో చేయండి. ప్రతి బరువు పక్కన కీలు నుంచి ఎత్తు కూడా రాసి పెట్టండి, మెటాసెంట్రిక్ లెక్క నేను వేసి పంపుతాను. బాడీ వెడల్పు 15.5 మీటర్ల దగ్గర మొదలుపెట్టి చూడండి, తగ్గిస్తే వేగం ఊరిస్తుంది గానీ ఆ తాడు స్కేలు మీద ఎక్కడికి జరుగుతుందో లెక్కలో కనబడుతుంది.